ఎర్రచందనంతో పాటు పేరితనూ లెక్కపెట్టండి

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ అధికారులకు, రాష్ట్ర జీవవైవిధ్య మండలి సభ్యులకు,

నమస్కారం.

ఆ మధ్య మా ఊరి సంతలో, వేర్లూ చెక్కలూ అమ్ముకునే ఒక పెద్దాయన గోనెపట్టా మీద ఆరు కాయలు కనిపించాయి. కాయలని నేనంటున్నాను గానీ అవి కాయలు కావు. మూరెడుకు కాస్త తక్కువ పొడవు, మొక్కజొన్న పొత్తు కంటే లావు. చుట్టూ ఒకదాని మీద ఒకటి అతికించినట్టు పొలుసులు, ఒక్కో పొలుసు కొసన చిన్న ముల్లు, పైన కమిలిన నారింజ రంగు నూగు. ఒక పొలుసు విరిచి చూశాను. దాని కింది వైపు ఆవగింజల కంటే చిన్న తిత్తులు కిక్కిరిసి ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు.

"ఇదేంది పెద్దాయనా?" అన్నాను.

"మదనమస్తు సామీ. పొడి కొట్టి పాలల్లో కలుపుకుని తాగితే మగోళ్లకు బలం."

"ఎక్కడిది?"

ఆయన నోటితో చెప్పలేదు. గడ్డం ఎత్తి కొండవైపు చూపించాడు.

ఆ ఆరూ మగ పేరిత చెట్ల కోన్లు, అంటే ఆ చెట్లు పువ్వులకు బదులు వేసే పొలుసుల పొత్తులు. ఆ పగలని తిత్తుల్లో ఉండేది పుప్పొడి. అది గాలికీ చిన్న చిన్న పురుగులకూ అంది, దగ్గర్లో ఉన్న ఆడ చెట్టును చేరితేనే గింజ కడుతుంది. పుప్పొడి రాలకముందే కోసేశారు కాబట్టి ఆ ఏడు ఆ చుట్టుపక్కల ఆడ చెట్లకు ఆ ఆరింటి పుప్పొడి అందదు. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పాను. వివృతబీజాలు, అంటే పూలు పూయకుండా గింజ కట్టే మొక్కలు, అని బోర్డు మీద రాసి, పేరిత జాతి అయిన సైకాస్ బొమ్మ గీసి, పిల్లల చేత బట్టీ పట్టించాను. ఆ బొమ్మలోని చెట్టు మా కొండ మీదే ఉందనీ, ప్రపంచంలో ఇంకెక్కడా లేని రకమనీ పిల్లలకు చెప్పడం మొదలుపెట్టేసరికి నా సర్వీసు సగం అయిపోయింది. ఆ బాధ కూడా ఈ ఉత్తరం రాయిస్తోంది.

మాది శేషాచలం కొండల కింద, కోడూరు పక్క ఊరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కొండ అంటే కట్టె, గడ్డి, తేనె, మొగిపళ్లు. ఇప్పుడు కొండ అంటే ఎర్రచందనం. పేపర్లో కొండ గురించి వార్త వచ్చిందంటే దుంగలు పట్టుబడ్డాయనో, కూలీలు దొరికారనో అయి ఉంటుంది. మీ శాఖ కష్టం నాకు తెలుసు. 2013 డిసెంబరులో ఇదే కొండల్లో ఇద్దరు అటవీ అధికారులను దుంగలు నరికేవాళ్లు కొట్టి చంపారు. ఆ తర్వాత తిరుపతి కేంద్రంగా ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ వచ్చింది, బేస్ క్యాంపులు పెరిగాయి, చెక్‌పోస్టులు పెరిగాయి. ఎర్రచందనం 1995 నుంచి, అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. దానికి కాపలా ఉండాల్సిందే. అందులో ఒక్క మనిషిని కూడా తగ్గించమని నేను అడగను.

అయితే ఒక విషయం మీరు గమనించాలని నా మనవి. అదే సైటిస్‌లో పేరిత మొదటి అనుబంధంలో ఉంది. అంటే ఎర్రచందనం కంటే గట్టి రక్షణ ఉన్న వరుసలో, పులి, ఏనుగు ఉన్న వరుసలో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో మొక్కల కోసం ఆరో షెడ్యూలు చేర్చినప్పుడు దేశం మొత్తం మీద ఆరు రకాలనే ఎంచుకున్నారు. ఆ ఆరింటిలో మా పేరిత ఒకటి. మేఘాలయ కొండల్లో పురుగులను పట్టుకునే కూజా మొక్క, హిమాలయాల కుష్టు వేరు, ఈశాన్యం నుంచి నీలి వాండా పూలు, వాటి పక్కన కడప కొండల ఈ ముళ్ల చెట్టు! అంత గౌరవం దక్కిన మొక్క సంతలో గోనెపట్టా మీద బహిరంగంగా అమ్ముడవుతుంటే, అటుగా వెళ్లే వాళ్లెవరికీ అది నేరమని తెలియదు. ఎర్రచందనం కొయ్యబొమ్మ ఒకటి ఆ పట్టా మీద ఉండి ఉంటే అరగంటలో ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు.

పేరితను దగ్గర నుంచి చూడని వాళ్ల కోసం కాస్త చెబుతాను. ఈ జాబు ఊరి పిల్లలు కూడా చదువుతారు మరి. దూరం నుంచి చిట్టి ఈతచెట్టులా ఉంటుంది. పేరులో ఈత వినిపించేది అందుకేనేమో. ఈతకూ దీనికీ చుట్టరికమేమీ లేదు. ఇది పూలు పూసే చెట్లు భూమి మీద పుట్టకముందు నుంచీ ఉన్న వంశానిది. కాండం పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. ఆకులు రెండు మూడు అడుగులు సాగుతాయి. ఆకు రెమ్మలు సన్నగా, అంచులు కిందికి మడుచుకుని ఉంటాయి. ఎండ మండే చోట నీరు ఆవిరైపోకుండా అదొక ఏర్పాటు. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన కల్నల్ బెడ్డోమ్ పేరు మీద 1883లో దీనికి సైకాస్ బెడ్డోమై అని శాస్త్రీయ నామం పెట్టారు. తిరుమల నుంచి కడప వైపు సాగే ఈ కొండల్లోనే పుడుతుంది, ఇక్కడే పెరుగుతుంది.

ఇది పెరిగే చోటు చూస్తే చాలామందికి అడవి అనిపించదు. గుబురు చెట్ల నీడలో కాదు, బోదగడ్డి పెరిగిన రాతి వాలుల మీద, నిలువెండలో ఉంటుంది. ఇక్కడే నాకు అసలు భయం. కొండ మీద చెట్లు పలచగా ఉన్న వాలు కనబడగానే "ఖాళీగా ఉంది, మొక్కలు నాటుదాం" అనుకుంటాం. జెసిబి వస్తుంది, గుంతలు తీస్తారు, త్వరగా ఎదిగే ఏదో ఒక మొక్క పెడతారు. తిరుమల చుట్టుపక్కల ఆస్ట్రేలియా తుమ్మ తోటలు అలా పచ్చదనం కోసం వచ్చినవే. దూరం నుంచి చూస్తే పచ్చగా, నిండుగా ఉంటాయి. వాటి కింద రాలిన ఆకు మందంగా పేరుకుపోతుంది, గడ్డి చస్తుంది, ఎండ నేలను తాకదు. ఎండ లేనిచోట పేరిత పిల్ల ఎలా పైకి వస్తుంది? ఎండే దానికి అన్నం. ఆ గడ్డివాలును మన లెక్కల్లో బోడికొండ అని రాసుకుంటున్నాం. పేరితకు అదే సొంత ఊరు.

ఇక మంట. మార్చి వచ్చిందంటే మాకు రాత్రిపూట కొండ మీద ఎర్రటి గీత కనిపిస్తుంది. పాము పాకినట్టు వాలు మీద సాగుతుంది. పశువులకు కొత్త గడ్డి లేవాలని కొందరు, తేనెపట్టుకు పొగబెట్టి ఆర్పకుండా కొందరు, బీడీ పారేసి కొందరు, దుంగల కోసం వచ్చి రాళ్ల సందున వంట చేసుకున్న వాళ్లు కొందరు. 2014 మార్చిలో తిరుమల కొండలు తగలబడితే వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు కుమ్మరించాల్సి వచ్చింది. అంత పెద్ద మంట అయితే టీవీలో వస్తుంది. ఏటా అక్కడొకటి ఇక్కడొకటి కాలే చిన్న మంటలను అడిగేవాళ్లుండరు.

పేరితకు మంట కొత్త కాదు. కాలిన పదిహేను ఇరవై రోజులకు నేను ఒకసారి ఆ వాలు ఎక్కాను. నేలంతా నల్లగా, అడుగేస్తే బూడిద లేస్తోంది. ఆ నలుపు మధ్యలో, బొగ్గులా మాడిన మొద్దు నడినెత్తిన, లేత పసుపు కలిసిన ఆకుపచ్చ కిరీటం. కొత్త ఆకులు పూర్తిగా విచ్చలేదు, రెమ్మలన్నీ గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉన్నాయి. వాటి మీద వెండి రంగు నూగు. ఆ నల్లటి కొండలో ప్రాణం ఉన్నట్టు కనిపించింది అదొక్కటే. ముట్టుకోవడానికి మనసు రాలేదు, పక్కన కూర్చుని చాలాసేపు చూశాను. ఆ తర్వాత చుట్టూ వెతికాను, పేరిత పిల్లలు ఎక్కడైనా ఉన్నాయేమోనని. ఒక్కటీ లేదు. మొద్దు ముదిరిన చెట్టు మంటను తట్టుకుంటుంది. రెండేళ్ల పిల్లకు మొద్దు ఉండదు, మట్టి మీద ఒకటో రెండో ఆకులే. అది ఒక్క మంటకే పోతుంది. పదేళ్లకో సారి కాలితే ఈలోపు పిల్ల ముదిరి నిలబడేది. ఏటేటా కాలుతుంటే ఆ అవకాశం ఏది? పైకి చూస్తే చెట్లున్నట్టే ఉంటుంది. ఉన్నవన్నీ ముసలివే. పిల్లల్లేని ఊరులాగా.

పేరిత గురించి ఇంత రాశాను గానీ, కొండ మీద దానికి తోడు చాలా ఉన్నాయి.

మొగి చెట్టు ఉంది, కొందరు మోవి అంటారు. నేరేడు కుటుంబమే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మా అవ్వ కొంగున కట్టి తెచ్చిన మొగిపళ్లు తిని నాలుక ఊదా రంగుకు తిరిగితే ఒకరికొకరు చూపించుకునేవాళ్లం. ఈ మొగి కూడా ఈ చుట్టుపక్కల కొండలు దాటి పెద్దగా బయట కనిపించదు. కాయను తెగకోసి అమ్ముతున్నారు, గింజ నేలకు చేరడం లేదు. నేరేడు గింజలాగే ఇదీ ఎండితే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది, దాచి తర్వాత నాటుదామంటే కుదరదు. తెల్ల కరక ఉంది. కొండ సాంబ్రాణి ఉంది. దాన్ని తిరుమల కొండల నుంచి కొత్త రకంగా గుర్తించి 1961లో పేరు పెట్టారు. బంక కోసం దాని బెరడు మీద గాటు మీద గాటు పెడతారు, గాటు మానకముందే మళ్లీ వస్తారు. మానడానికి టైమిస్తే చెట్టూ బతుకుతుంది, బంకా వస్తుంది. కొండ కొత్తిమీర ఉంది, దాని శాస్త్రీయ నామంలోనే తిరుపతి ఉంది, పింపినెల్లా తిరుపతియెన్సిస్. వాన పడితే లేచి, ఎండ ముదిరితే వాడిపోయి నేలలో దాక్కునే చిన్న మొక్క. తిరుపతికి వచ్చే ఇంతమంది భక్తుల్లో ఆ పేరు విన్నవాళ్లు ఎందరుంటారు?

తంబ చెట్టు, తంబజాలారి అని మావాళ్లు అంటారు. దానికి శాస్త్రీయ నామం షోరియా తుంబుగ్గైయా. పెట్టింది రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన 1780లలో సామర్లకోటలో ఉండి, మన వాళ్లు ఏ మొక్కను ఏమంటారో అడిగి తెలుసుకుని రాసుకునేవాడు. మన నోట్లో ఉన్న పేరును అలా తీసుకెళ్లి లాటిన్ పుస్తకాల్లో పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ ఏ వృక్షశాస్త్రజ్ఞుడు ఆ చెట్టు పేరు పలికినా తెలుగు మాటే పలుకుతున్నాడు. ఆ మాట పుట్టిన ఊళ్లలో మాత్రం ఇవాళ ఇంటర్ చదివే పిల్లలకు తంబ చెట్టు ఏదో తెలియదు.

నన్నారి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో మా తప్పే ఎక్కువ. రాయలసీమలో ఎండాకాలం నన్నారి షర్బత్ లేకుండా గడవదు. సోడా, నిమ్మకాయ, నన్నారి. ఇప్పుడు హైదరాబాదులో, బెంగళూరులో కూడా బండ్లు పెట్టారు. ఆ వాసన చాలావరకు మారేడు గడ్డలది. డెకాలెపిస్ అని శాస్త్రంలో అంటారు. అది తీగ. రాళ్ల సందుల్లో వేళ్లు బొటనవేలంత లావున దుంపకట్టి ఉంటాయి. తవ్వేవాడు గడ్డపారతో రాయిని పెకలించి, దుంప మొదలంటా లాగేస్తాడు. తీగ చచ్చిపోతుంది. అమ్మేవాళ్లను తప్పుపట్టలేను, కొండ కింద బతికే యానాది కుటుంబాలకు, నల్లమలలో చెంచులకు ఆ గడ్డలు కూలి డబ్బులు. పట్నంలో గ్లాసు గ్లాసుకూ గిరాకీ పెరుగుతుంటే, తవ్వకం ఇంకా ఇంకా లోపలికి పోతోంది. మా అవ్వ కుండలో రెండు వేరు ముక్కలు వేసి, నీళ్లు వాసన పట్టాక తీసి ఆరబెట్టి, మళ్లీ మర్నాడు వేసేది. ఆమె చేతిలో రెండు ముక్కలు వారం రోజులు వచ్చేవి.

ఇప్పుడు నేను అడగదలచుకున్నది.

మొదటిది, లెక్క. ఎర్రచందనానికి బీట్ల వారీగా లెక్క ఉన్నట్టే, పేరితకూ తంబకూ కొండ సాంబ్రాణికీ కూడా ఉండాలి. ఎన్ని ఉన్నాయన్న అంకె ఒక్కటే సరిపోదు. పేరితలో మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, మోకాలెత్తు లోపు పిల్లలు ఎన్ని అని మూడు గళ్లు పెట్టి రాయించండి. మూడో గడిలో సున్నాలు పడుతుంటే చాలు, ఎంత ప్రమాదంలో ఉన్నామో ఎవరికైనా తెలిసిపోతుంది. శేషాచలం బయోస్పియర్ రిజర్వ్‌గా 2010లోనే గుర్తింపు పొందింది, దాదాపు 4,756 చదరపు కిలోమీటర్లు. అంత విస్తీర్ణంలో అంతా ఒకేసారి లెక్కపెట్టమనడం లేదు. బోదగడ్డి వాలులతో మొదలుపెట్టండి. అక్కడ లెక్క తేలేదాకా ఒక్క గుంత కూడా తీయనివ్వకండి, అది ఎంత మంచి పథకం కింద వచ్చిన డబ్బయినా సరే.

సంతలో అమ్మకం గురించి. వన్యప్రాణి చట్టం 17-ఏ సెక్షన్ ప్రకారం ఈ మొక్కను అడవిలో కోయడం, పెకలించడం, సేకరించడం, అమ్మడం నేరం. అదే సెక్షన్‌లో షెడ్యూల్డ్ తెగల వాళ్లు తమ జిల్లాలో, తమ సొంత అవసరానికి కోసుకోవచ్చని వెసులుబాటు ఉంది. అది న్యాయమైన వెసులుబాటు. దాన్ని ముట్టుకోవద్దు. నేను చెప్పిన పెద్దాయన మీద కేసు పెట్టమని కూడా నేను అడగడం లేదు. ఆయన దగ్గర కొనే వ్యాపారి ఉంటాడు, పొడి కొట్టి డబ్బాలో పెట్టి అమ్మేవాడు ఉంటాడు, కొనే మనిషి ఉంటాడు. అక్కడ పట్టుకోండి. సంత గేటు దగ్గర పేరిత కోన్ ఫొటో, కింద నాలుగు తెలుగు ముక్కలు పెట్టండి. సైకాస్ జాతి మొక్కల్లో సైకాసిన్ అనే విషం ఉంటుందని కూడా అందులో రాయండి. బలానికని తాగేవాడికి ఆ ఒక్క మాట చట్టం కంటే గట్టిగా పనిచేస్తుంది.

మంట విషయంలో కొండ కింద ఊళ్ల మనుషుల్ని ఫైర్ వాచర్లుగా పెట్టుకోవడం మీకు కొత్త కాదు. వాళ్లకు కూలి ఆలస్యం కాకుండా అందేలా చూడండి. ఫిబ్రవరిలో ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి తీసేసిన బాటలు, కొట్టేటప్పుడు పేరిత పిల్లలున్న చోట చుట్టూ మరొక లైను కొట్టమనండి. అయిదారేళ్లు ఆ ముక్కలు కాలకుండా కాపాడితే చాలు, మొద్దు కట్టిన తర్వాత అది తన సంగతి తాను చూసుకుంటుంది. పశువుల కాపరులతో మాత్రం కేసుల భాషలో కాకుండా కూర్చుని మాట్లాడండి. ఏ వాలు కాలిస్తే ఏం పోతుందో ఒకసారి కళ్లారా చూపిస్తే వింటారు. మా ఊళ్లో నేను ఇద్దరికి చూపించాను, ఇద్దరూ విన్నారు.

జీవవైవిధ్య మండలి వారికి ఒక మాట. 2002 చట్టం కింద పంచాయతీల్లో జీవవైవిధ్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలి. ఆ రిజిస్టర్ రాసేటప్పుడు ఆఫీసులో కూర్చుని పాత జాబితా చూసి నింపకుండా, తేనె తీసేవాళ్లనూ గడ్డలు తవ్వేవాళ్లనూ పిలిచి రాయించండి. మారేడు గడ్డ ఏ రాతి కింద ఎంత లోతున దొరికేదో, ఇప్పుడు ఎంత దూరం పోవాల్సి వస్తోందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అదే మనుషుల చేత మారేడు గడ్డను చేలగట్ల మీద పెంచే పని మొదలుపెట్టించండి. తవ్వితే వచ్చే డబ్బు పెంచితే కూడా రావాలి, పంట చేతికొచ్చేదాకా కొంత ఆసరా ఉండాలి. గడ్డ కొనే షర్బత్ తయారీదార్ల నుంచి అడవి గడ్డా, పెంచిన గడ్డా అని రాతపూర్వకంగా తీసుకోండి.

నర్సరీల్లో మొగి, తంబ, తెల్ల కరక నారు పోయించండి. మొగి గింజ కాయ పండిన వారంలోనే పోయాలి, బడ్జెట్ వచ్చేదాకా ఆగదు. మా స్కూలు ఆవరణలో నేనూ పిల్లలూ కలిసి వేసిన మొగి మొక్కల్లో నాలుగు బతికాయి. ఇప్పుడు నా భుజం దాకా వచ్చాయి.

చివరగా, నాకు తెలిసిన ఒక వాలు మీద తొమ్మిది ఆడ పేరితలు ఉన్నాయి. మగవి మూడే. పోయినసారి రెండింటి కోన్లు కోసేసి ఉన్నాయి, మూడోది రాళ్ల మధ్య కాస్త ఎత్తున ఉండటంతో మిగిలింది. ఆ వాలు ఎక్కడుందో ఈ బహిరంగ లేఖలో రాయను, కారణం మీకు తెలుసు. మీ రేంజ్ ఆఫీసర్‌ను గానీ, బీట్ ఆఫీసర్‌ను గానీ, ఫైర్ లైన్ల పని మొదలవకముందే, జనవరిలో ఒక రోజు పంపించండి. తెల్లవారుజామున బయల్దేరితే ఎండెక్కకముందే పైకి చేరొచ్చు. మోకాళ్లు అరిగాయి కాబట్టి నేను నిదానంగా ఎక్కుతాను గానీ, దారి నేనే చూపిస్తాను.

ఇట్లు,
కొండ కింద ఊరి నుంచి ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు